పాత కార్లకు వెనుక యాక్సిల్ నిష్పత్తి ఎంచుకోవడం, స్పీడోమీటరు సరిచేయడం: కొరాపుట్ ఘాట్ల మీద తిరిగేవారి కోసం

జయపురం, కొరాపుట్, రాయగడ, గుణుపురం ప్రాంతాలలో పాత అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో, మహీంద్రా జీపునో ఇప్పటికీ శ్రద్ధగా చూసుకుంటున్న తెలుగువారి బండ్లు రెండు వేర్వేరు రకాల రోడ్ల మీద తిరగవలసి వస్తుంది. సాలూరు దాటిన తరువాత మలుపులు తిరుగుతూ సుంకి, పొట్టంగి మీదుగా సెమిలిగుడకు ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి ఒక రకం. ఇచ్ఛాపురం నుంచి బరంపురం వైపు బల్లపరుపుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి మరొక రకం. మొదటి దాని మీద ఇంజనుకు బలం చాలదనిపిస్తుంది; రెండవ దాని మీద 80 కిలోమీటర్ల వేగం దాటగానే ఇంజను చెవులు దిబ్బళ్లు పడేలా అరుస్తుంది. ఆ అరుపు భరించలేక వెనుక యాక్సిల్‌లోని క్రౌన్ (చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రం), టెయిల్ పినియన్ (క్రౌన్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రం) మార్పించినవారు తరువాత ఘాట్ ఎక్కలేక అవస్థ పడుతుంటారు. మార్పుతోపాటు మీటరు కూడా తప్పు చూపిస్తున్నదన్న సంగతి చాలాకాలం గమనించరు. నా అభిప్రాయం ముందే చెబుతాను: మన ప్రాంతంలో యాక్సిల్ నిష్పత్తిని నిండు బరువుతో ఎక్కవలసిన ఎత్తును బట్టి నిర్ణయించుకోవాలి; హైవే మీద ఇంజను నెమ్మదిగా తిరగాలన్న కోరికను వేరే మార్గంలో తీర్చుకోవాలి.

క్రౌన్ ఒక్క చుట్టు తిరగడానికి, గేరుబాక్సు నుంచి వెనుక యాక్సిల్ దాకా వచ్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకే యాక్సిల్ నిష్పత్తి. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే అది వస్తుంది. 39 పళ్ల క్రౌన్‌కు 8 పళ్ల పినియన్ జతైతే 4.875, 41కి 9 అయితే 4.556, 43కి 10 అయితే 4.3, 43కి 11 అయితే 3.909. ఈ జతలలో పళ్ల సంఖ్యలకు ఉమ్మడి భాజకం లేకుండా చూసుకున్నారు. అందువల్ల పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని ప్రతి పన్నునూ వంతులవారీగా తాకి, అరుగుదల అంతటా సమానంగా పంచుకుపోతుంది. అంకె పెద్దదైతే లాగుడు ఎక్కువ, ఇంజను చుట్లూ ఎక్కువ; చిన్నదైతే రెండూ తక్కువ.

ఏ నిష్పత్తి ఎవరికి ఇచ్చారో చూస్తే కారణం తెలిసిపోతుంది. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారులో ఉన్న 1489 సీసీ బీ సిరీస్ ఇంజనునే బీఎంసీ సంస్థ తొలి ఎమ్‌జీఏ స్పోర్ట్స్ కారులోనూ పెట్టింది. ఎమ్‌జీఏకు 4.3 నిష్పత్తి, దాని తరువాత పెద్ద ఇంజనుతో వచ్చిన ఎమ్‌జీబీకి 3.909 ఇచ్చారు. అవి ఇద్దరు కూర్చునే తేలికైన కార్లు. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, పైన క్యారియర్ మీద బియ్యం బస్తా ఉన్న అంబాసిడర్‌కు ఆ అంకెలు అరువు తెచ్చుకోవడం తగదు. జీపుల విషయంలో దీనికి ఎదురుగా జరిగింది. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపుకు 4.88 ఉండగా, యుద్ధం ముగిశాక పొలం పనులకు కూడా పనికిరావాలని తయారు చేసిన సీజే 2ఏ జీపుకు 5.38 పెట్టారు.

ముందు మీ బండిలో ఉన్నదేమిటో తేల్చుకోవాలి

బండి పుస్తకంలో ఉన్న అంకెను నమ్మి విడిభాగాలు కొనకూడదు. ఇన్నేళ్లలో ఎవరు ఏ హౌసింగ్ (క్రౌన్, పినియన్ ఉండే యాక్సిల్ పెట్టె) మార్చారో చెప్పలేము. హౌసింగ్ విప్పకుండానే నిష్పత్తి తెలుసుకునే పద్ధతి సులువైనది. చదునైన గట్టి నేల మీద బండిని నిలిపి, ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు గానీ చెక్క దిమ్మెలు గానీ పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు విడిచి, వెనుక చక్రం ఒక్కదానినే జాకీతో లేపి యాక్సిల్ కింద స్టాండు పెట్టాలి. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. టైరు మీద ఒకచోట, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఒకచోట సుద్దముక్కతో గీత గీయాలి. ఒకరు చక్రాన్ని నెమ్మదిగా 20 చుట్లు తిప్పుతుంటే మరొకరు షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాలి. ఒక చక్రం నేల మీద కదలకుండా ఉన్నప్పుడు డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల క్రౌన్ సగమే తిరుగుతుంది కాబట్టి, చక్రానికి 20 చుట్లు అంటే క్రౌన్‌కు 10 చుట్లు. షాఫ్ట్ 43 చుట్లు తిరిగితే నిష్పత్తి 4.3, 45న్నర దాటితే 4.556, 48 ముప్పావు అయితే 4.875. ఒక్క చుట్టుతోనో రెండు చుట్లతోనో సరిపెట్టుకుంటే 4.3కూ 4.556కూ తేడా పట్టుకోవడం కష్టం.

నాలుగు చక్రాలకూ లాగుడు ఉన్న జీపులో ముందు యాక్సిల్ నిష్పత్తి కూడా ఇదే విధంగా చూడాలి. ముందూ వెనుకా ఒకే నిష్పత్తి ఉండి తీరాలి. వెనుకది మాత్రమే మార్చి, గట్టి రోడ్డు మీద ఫోర్‌వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు యాక్సిళ్లకూ లాగుడు పంచే గేరు పెట్టె), జాయింట్లు, టైర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడి ఏదో ఒకటి విరుగుతుంది.

తరువాత టైరు కొలత. సైడ్‌వాల్ మీది అంకెలతో లెక్క కట్టడం కన్నా నేల మీద కొలవడం మేలు, ఎందుకంటే బరువు పడ్డాక టైరు కొంత నొక్కుకుంటుంది. సరైన గాలి నింపి, డ్రైవరు సీటులో ఒకరిని కూర్చోబెట్టి, వెనుక టైరు నేలను తాకే చోట గీత పెట్టి, బండిని సూటిగా తోస్తూ చక్రం 5 చుట్లు తిరిగే వరకు పోనిచ్చి, ఆ దూరాన్ని టేపుతో కొలిచి 5తో భాగించాలి. 10 మీటర్లు వస్తే ఒక చుట్టుకు 2 మీటర్లు, అంటే కిలోమీటరుకు 500 చుట్లు. అంబాసిడర్‌కు మొదట వచ్చిన 5.90-15 టైరుకు బదులు దొరికినదేదో వేయించినవారు ఈ కొలత తప్పక తీసుకోవాలి. 2 మీటర్ల టైరు తీసి 1.90 మీటర్ల టైరు వేస్తే 4.556 యాక్సిల్ దాదాపు 4.8 లాగా ప్రవర్తిస్తుంది. ఇంజను ఎక్కువ తిరుగుతోందని యాక్సిల్ మార్చబోయేవారిలో కొందరికి నిజానికి కావలసింది సరైన కొలత టైర్లే.

చుట్ల లెక్క

వేగాన్ని కిలోమీటరుకు చక్రం తిరిగే చుట్లతో హెచ్చించి 60తో భాగిస్తే నిమిషానికి చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. దానిని యాక్సిల్ నిష్పత్తితోనూ, వేసి ఉన్న గేరు నిష్పత్తితోనూ హెచ్చిస్తే ఇంజను ఆర్‌పీఎం వస్తుంది. టాప్ గేరు సూటిగా ఒకటికి ఒకటైతే, 500 చుట్ల టైరుతో 80 కిలోమీటర్ల వేగం దగ్గర 4.875 యాక్సిల్‌కు 3250, 4.556కు సుమారు 3040, 4.3కు 2870, 3.909కు 2610 ఆర్‌పీఎం అవుతుంది. 4.556 నుంచి 4.3కు మారితే తగ్గేది 170 ఆర్‌పీఎం మాత్రమే. అంత తక్కువ లాభానికి హౌసింగ్ మొత్తం విప్పడం నాకు సమంజసంగా తోచదు. పాత క్రౌన్ ఎలాగూ పాడైపోయి మార్చవలసి వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. 3.909కు మారితే 430 ఆర్‌పీఎం తగ్గుతుంది, ఆ తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. దానికి చెల్లించే మూల్యం ఘాట్ మీద బయటపడుతుంది.

ఆ మూల్యాన్ని కాగితం మీద చూద్దాం. మనుషులతో, సామానుతో కలిపి 1500 కిలోల బండి 16 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కుతోందనుకుందాం. వాలు వెనక్కి లాగే బలం సుమారు 920 న్యూటన్లు. టైర్ల రాపిడికి 220 దాకా, గంటకు 36 కిలోమీటర్ల వద్ద గాలికి మరో 60 కలిపితే మొత్తం 1200 న్యూటన్లు. ఇంజను 100 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తోందనీ, గేర్లలో పదోవంతు నష్టపోతుందనీ అనుకుంటే, చక్రం వ్యాసార్థం 0.318 మీటర్లు కాబట్టి, టాప్ గేరులో 4.556 యాక్సిల్‌తో చక్రాల దగ్గరికి వచ్చే బలం 1290 న్యూటన్లు. బండి ఎక్కుతుంది. 3.909తో వచ్చేది 1106. బండి ఎక్కదు; మూడవ గేరుకు దిగాలి. అదే విధంగా మూడవ గేరులో బొటాబొటిగా ఎక్కే మలుపు రెండవ గేరుకు దిగుతుంది. మొదటి గేరులో ఊపిరి బిగపట్టి కదిలే చోట క్లచ్ కాలుతుంది.

ఇక్కడ ఎత్తు సంగతి కూడా కలుస్తుంది. సముద్రమట్టం నుంచి పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, కార్బురేటర్ ఇంజను బలం ప్రతి వంద మీటర్లకు దాదాపు ఒక శాతం తగ్గుతుంది. కొరాపుట్ పట్టణం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పైన చెప్పిన 1290 న్యూటన్లు అక్కడికి చేరేసరికి 1180 దగ్గరకు పడిపోతాయి. విజయనగరంలో, బరంపురంలో హాయిగా లాగిన యాక్సిల్ సెమిలిగుడ దగ్గర ఎందుకు మొరాయిస్తుందో ఈ చిన్న లెక్కే చెబుతుంది. మైదానంలో నడిపి చూసి యాక్సిల్ బాగుందని తీర్మానించడం అందుకే పనికిరాదు.

దిగేటప్పటి సంగతి ఇంకా ముఖ్యమైనది. అంకె చిన్నదైతే ఇంజను బండిని పట్టి ఆపే శక్తి కూడా అంతే తగ్గుతుంది, ఆ భారం డ్రమ్ బ్రేకుల మీద పడుతుంది. పొట్టంగి నుంచి సాలూరు వైపు నిండు బరువుతో దిగేవారు ఏ గేరులో ఎక్కేవారో, యాక్సిల్ మార్చాక అంతకన్నా ఒక గేరు తక్కువలో దిగవలసి వస్తుందని గుర్తుంచుకోవాలి. కుటుంబాన్ని ఎక్కించుకుని ఈ ఘాట్ తరచుగా దిగేవారికి నేను 3.909ను సిఫారసు చేయను. బరంపురం, ఛత్రపురం చుట్టుపక్కల మాత్రమే తిరుగుతూ ఏడాదికోసారి కొండెక్కేవారికైతే 4.3 మంచి మధ్యేమార్గం.

రెండు రోడ్లూ సమానంగా తిరిగేవారికి ఓవర్‌డ్రైవ్ (ఇంజను కన్నా షాఫ్ట్ వేగంగా తిరిగే పై గేరు) ఉన్న అయిదు గేర్ల గేరుబాక్సే సరైన పరిష్కారం. అంబాసిడర్‌లోనే తరువాతి కాలంలో 1800 సీసీ ఇసుజు ఇంజనుతో అయిదు గేర్ల బాక్సు వచ్చింది. అయిదవ గేరు నిష్పత్తి 0.85 అనుకుంటే, 4.556 యాక్సిల్‌తో అది 3.87 యాక్సిల్‌తో సమానమవుతుంది. కింది గేర్లలో ఘాట్ బలం చెక్కుచెదరదు. బెల్ హౌసింగ్ (ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్‌ను కప్పే డొప్ప), ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, గేరు రాడ్డు వచ్చే చోటు సరిచూడవలసిన శ్రమ ఉన్నప్పటికీ, ఖర్చు పెట్టదలచినవారు అటే పెట్టడం మంచిది.

క్రౌన్, పినియన్ కూర్చేటప్పుడు

క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో జతగా కలిపి అరగదీసినవి. రెండింటి మీదా ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది. నంబర్లు కలవకపోతే, పళ్లు ఎంత మెరుస్తున్నా కొనకూడదు. పాత సామాను దుకాణంలో ఒక పెట్టెలో క్రౌన్, మరొక పెట్టెలో పినియన్ చూపించి రెండూ సరిపోతాయని చెప్పేవారి మాట వినడం కన్నా పూర్తి హౌసింగ్ కొని తెచ్చుకోవడం నయం.

కూర్పు పని అనుభవమున్న మేస్త్రికే అప్పగించాలి, కానీ ఆయన ఏమి చేస్తున్నారో యజమానికి తెలిసి ఉండాలి. పినియన్ లోతును వెనుక షిమ్‌లతో (పలచని లోహపు బిళ్లలతో), క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య ఆటను, అంటే పళ్ల మధ్య వదులును, పక్క షిమ్‌లతో లేదా నట్లతో సరిచేస్తారు. ఆటను డయల్ గేజ్‌తో (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరంతో), క్రౌన్ చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవాలి; ఎంత ఉండాలో ఆ బండి మాన్యువల్ చెప్పినదే ప్రమాణం. చేత్తో కదిపి చూసి బాగుందనే మేస్త్రిని డయల్ గేజ్ పెట్టమని మర్యాదగా అడగడంలో తప్పులేదు. ఆ తరువాత పళ్లకు పలచగా రంగు పూసి, పినియన్‌ను తిప్పుతూ క్రౌన్‌ను కొంచెం బిగపట్టి, రంగు ఎక్కడ చెదిరిందో చూడాలి. మచ్చ పంటి మధ్యలో పడితే కూర్పు సరిగ్గా ఉన్నట్టు. మచ్చ పంటి కొన మీదికి పోతే పినియన్‌ను క్రౌన్ మధ్యకు జరపాలి. పంటి మొదట్లో పడితే వెనక్కి లాగాలి. బయటి వెడల్పు అంచున పడితే క్రౌన్‌ను పినియన్‌కు దగ్గర చేయాలి. లోపలి సన్నని అంచున పడితే దూరం జరపాలి. ఈ మచ్చను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తరువాత శబ్దం వస్తే అదే మొదటి ఆధారం.

హైపాయిడ్ గేర్లకు (పినియన్ క్రౌన్ మధ్యరేఖకు కాక కొంచెం పక్కకు అమరిన రకానికి) ఈపీ 90 నూనె తప్ప మామూలు గేరు నూనె పోయకూడదు, ఎందుకంటే ఆ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఘాట్ ఎక్కకుండా, బరువు వేయకుండా నడిపి, నూనె మార్చాలి. తీసిన పాత జతను నూనె గుడ్డలో చుట్టి నంబరు రాసి దాచాలి. 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసేందుకు 2021లో వచ్చిన నిబంధనలు చాసిస్, బాడీ, ఇంజను మూలరూపంలో ఉండాలని కోరుతున్నాయి. యాక్సిల్ మార్పును కూడా ఎప్పుడైనా వెనక్కి తిప్పగలిగేలా ఉంచుకోవడం వివేకం.

మీటరు

పాత మీటరులో రెండు వేర్వేరు యంత్రాలు ఉంటాయి. గేరుబాక్సు నుంచి వచ్చే కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అది అల్యూమినియం గిన్నెను తనతో లాగబోతే సన్నని స్ప్రింగు ఆపుతుంది, ముల్లు ఆ రెండింటి మధ్య నిలుస్తుంది. కిలోమీటర్ల అంకెలు మాత్రం కేబుల్ నుంచి నేరుగా పళ్ల చక్రాలతోనే కదులుతాయి. వాటికి అయస్కాంతంతో సంబంధం లేదు. అందుచేత దోషం ఎక్కడుందో కిలోమీటర్ల అంకెలే పట్టిస్తాయి. బరంపురం రోడ్డు లాంటి సూటి దారిలో, రాళ్ల ప్రకారం గానీ ఫోన్ జీపీఎస్ ప్రకారం గానీ 10 కిలోమీటర్లు నడిపి, అంకెలు ఎంత కదిలాయో చూడాలి. అంకెలు సరిగ్గా ఉండి ముల్లు మాత్రమే తప్పైతే లోపం మీటరు లోపల ఉంది. అయస్కాంతం బలం తగ్గడమో, స్ప్రింగు నీరసించడమో జరిగి ఉంటుంది. రెండూ ఒకే శాతం తప్పైతే కారణం టైరు, యాక్సిల్ లేదా గేరుబాక్సులో కేబుల్‌ను తిప్పే చిన్న పినియన్. ముల్లు ఊగుతుంటే లెక్కలకు పోకుండా ముందు కేబుల్ తీసి శుభ్రం చేసి, గ్రాఫైట్ గ్రీజు పలచగా రాసి, ఎక్కడా పదునుగా వంగకుండా బిగించాలి. ముల్లును గడియారంతో కూడా పరీక్షించవచ్చు: వేగం మార్చకుండా ఒక కిలోమీటరు దాటడానికి పట్టిన సెకన్లతో 3600ను భాగిస్తే అసలు వేగం వస్తుంది. ఘాట్ మలుపులలో మాత్రం జీపీఎస్‌ను గీటురాయిగా తీసుకోవద్దు, అది మూలలు కోసి లెక్కిస్తుంది.

ఇప్పుడు యాక్సిల్ మార్పు వల్ల వచ్చిన తప్పును చూద్దాం. ఉదాహరణకు మీటరు కిలోమీటరుకు 621 కేబుల్ చుట్లు కోరేదనుకుందాం; మైలుకు 1000 చుట్లంటే ఇదే. 500 చుట్ల టైరు, 4.556 యాక్సిల్ అయితే షాఫ్ట్ కిలోమీటరుకు 2278 చుట్లు తిరుగుతుంది. గేరుబాక్సు తోకలో వర్మ్‌కు (మరమేకులాంటి గేరుకు) 3 పోగులు, దానితో తిరిగే పినియన్‌కు 11 పళ్లు ఉంటే కేబుల్‌కు 621 చుట్లు అందుతాయి, మీటరు నిజం చెబుతుంది. యాక్సిల్ 3.909కు మారితే కేబుల్‌కు అందేవి 533 మాత్రమే. మీరు 80లో పోతుంటే మీటరు 69 దగ్గర ఆగుతుంది. ఇది అన్నింటికన్నా ప్రమాదకరమైన తప్పు. కొత్త బండ్లకు వర్తించే ఐక్యరాజ్యసమితి 39వ నియమం కూడా మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదనీ, ఎక్కువ చూపించినా అసలు వేగంలో పదోవంతుకు 4 కిలోమీటర్లు కలిపినంతకు మించకూడదనీ అంటుంది. పాత బండికి కూడా ఇదే కొలబద్దగా పెట్టుకోవడం సముచితం.

మీ మీటరు ఎన్ని చుట్లు కోరుతుందో చాలాసార్లు డయల్ అడుగున చిన్న అంకెలలో ఉంటుంది. లేకపోతే కేబుల్‌ను గేరుబాక్సు దగ్గర విప్పి, లోపలి తీగ మీద తెల్లరంగు చుక్క పెట్టి, సరైన దిక్కుకు చేత్తో తిప్పుతూ కిలోమీటరులో పదోవంతు చూపే అంకె ఒకటి పూర్తిగా మారడానికి ఎన్ని చుట్లు పట్టాయో లెక్కించి పదితో హెచ్చించాలి. గేరుబాక్సు ఎన్ని చుట్లు ఇస్తుందో తెలుసుకోవడానికి కేబుల్‌ను మీటరు దగ్గర విప్పి, తీగ కొసకు కాగితపు జెండా అంటించి, బండిని సరిగ్గా 20 మీటర్లు తోసి, జెండా చుట్లను 50తో హెచ్చించాలి. మొదటి అంకెను రెండవదానితో భాగిస్తే కావలసిన సవరణ వస్తుంది: పై ఉదాహరణలో 621ని 533తో భాగిస్తే 1.165.

దాన్ని సాధించే మార్గాలలో గేరుబాక్సు పినియన్ మార్చడం ఖర్చు తక్కువైనది, కానీ పళ్లు ముక్కలుగా దొరకవు. ఇక్కడ లెక్క ప్రకారం 9.44 పళ్లు కావాలి. 10 పళ్లు వేస్తే మీటరు దాదాపు 5.6 శాతం తక్కువ చూపిస్తుంది. 9 వేస్తే 4.9 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఇటువంటప్పుడు ఎప్పుడూ ఎక్కువ చూపించే వైపే, అంటే 9నే తీసుకోవాలి. పళ్లు మారినప్పుడు పినియన్ కేంద్రం కొద్దిగా జరగాలి కాబట్టి, దానికి తగిన బుష్ కూడా ఆ పినియన్‌తోపాటే తీసుకోవాలి. కచ్చితత్వం కావాలంటే కేబుల్ మధ్యలో బిగించే చిన్న గేరు పెట్టె మేలు: 7కు 6 పళ్ల జత ఉన్నది పెడితే 533 చుట్లు 622 అవుతాయి. దిక్కు తిరగబడే పెట్టె కొనకుండా చూసుకోవాలి. తీగ వెనక్కి తిరిగితే ముల్లు సున్నా దగ్గరే కొట్టుకుంటుంది. మీటరు లోపల అయస్కాంతం, స్ప్రింగు సవరించడం పాత మీటర్ల పని తెలిసినవారికే వదిలేయాలి. అది ముల్లును మాత్రమే సరిచేస్తుంది, కిలోమీటర్ల అంకెలు తప్పుగానే ఉండిపోతాయి.

సవరణ అయ్యాక మళ్లీ అదే 10 కిలోమీటర్ల దారిలో, అదే గాలి ఒత్తిడితో పరీక్షించాలి. తేడా 2 శాతం లోపు ఉండి, అది ఎక్కువ చూపించే వైపు ఉంటే ఇక దేనినీ కదపనవసరం లేదు. కొత్త టైరు ట్రెడ్ 7 మిల్లీమీటర్లు అరిగేసరికే కొలత 2 శాతం దాకా తగ్గిపోతుంది కాబట్టి, అంతకన్నా సన్నని లెక్కకు ఫలితం ఉండదు. టైర్లు మార్చిన ప్రతిసారీ 5 చుట్ల కొలత మాత్రం కొత్తగా తీసుకుని, క్రౌన్, పినియన్ పళ్ల సంఖ్యలతోపాటు బండి కాగితాలలో రాసి ఉంచాలి.